పెరటి పక్షుల సంఘజీవనం

పక్షుల పరిశీలన అనగానే చాలామందికి దూరప్రయాణం, బైనాక్యులర్, అరుదైన జాతి పేరు గుర్తుకు వస్తాయి. పులికాట్ సరస్సుకు శీతకాలంలో చేరే రాజహంసలనూ కొల్లేటి గూడబాతులనూ చూడటం ఎవరికైనా సంతోషమే. అయితే పక్షి తన సాటి పక్షులతో ఎలా మెలుగుతుందో, దేనితో పొత్తు పెట్టుకుంటుందో, దేనిని తరుముతుందో తెలుసుకోగోరేవారికి ఆ ప్రయాణాలకంటె ఇంటి పెరడు, బడి ఆవరణ, బస్టాండు పక్కనున్న రావిచెట్టు, ఊరి చెరువుగట్టు ఎక్కువ ఉపకరిస్తాయి. అరుదైన పక్షి మనిషి పొడ గిట్టక కొద్ది నిమిషాలు కనిపించి మాయమవుతుంది కాబట్టి దాని రంగూ ఆకారమూ తెలుస్తాయేగాని దాని బతుకు తెలియదు. కాకి, గోరింక, పిచ్చుక, పిగిలిపిట్ట వంటివి మనుషుల అలికిడికి అలవాటుపడి, ఏడాది పొడుగునా అదే తావులో మసలుతూ, తమ కలహాలనూ కాపురాలనూ దాపరికం లేకుండా నడుపుతాయి. పక్షుల సంఘజీవనం గురించి శాస్త్రానికి నేడు తెలిసినదానిలో పెద్దభాగం ఇలాంటి మామూలు పక్షులను, మామూలు చోట్ల, ఏళ్ళ తరబడి చూసినవారి ఓపికవల్లనే తెలిసింది.

సంఘజీవనం అంటే గుంపులుగా తిరగడం ఒక్కటే అనుకోనక్కరలేదు. ఒక పక్షి చేసే పని మరొక పక్షి ఉండటం వల్ల ఏ కొంచెం మారినా అది శాస్త్రదృష్టిలో సామాజిక ప్రవర్తనే అవుతుంది. జతకట్టడం, పొలిమేర కాపాడుకోవడం, పిల్లలను కలిసి సాకడం, ఆపదను కూతతో తెలపడం, తిండి దగ్గర పెద్దా చిన్నా తేడా పాటించడం, రాత్రికి ఒకే చెట్టు చేరడం, ఒకటి కనిపెట్టిన ఉపాయాన్ని మరొకటి నేర్చుకోవడం అన్నీ దీని పరిధిలోకే వస్తాయి. ఒంటరిగా తిరిగే పక్షికి సైతం ఇరుగుపొరుగు ఉంటుంది కనుక సంఘజీవనం బొత్తిగా లేని పక్షి లేదనే చెప్పాలి.

ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళ వరకు పక్షిశాస్త్రం చాలామటుకు చంపి భద్రపరచిన చర్మాల మీద, సేకరించిన గుడ్ల మీద ఆధారపడి నడిచింది. వేట మానుకుని చూపునే సాధనంగా చేసుకున్న ఎడ్మండ్ సెలూస్ 1901లో ఇంగ్లండులో పక్షి పరిశీలన పేరుతోనే ఒక గ్రంథం వెలువరించారు. ఉక్కు పరిశ్రమ వ్యవహారాలు చూసుకుంటూ తెల్లవారుజాములను పొదల దగ్గర గడిపిన ఎలియట్ హోవర్డ్, మగపక్షి పాటకూ అది తనదిగా పట్టుకున్న నేలకూ ఉన్న సంబంధాన్ని 1920లో విపులంగా చర్చించారు. జంటగాని గుంపుగాని తోటివారిని రానీయకుండా కాపాడుకునే ఆ నేలనే పక్షిశాస్త్రం టెరిటరీ అంటుంది. దానిని ఇక్కడ పొలిమేర అని వ్యవహరించవచ్చు. అటుతరువాత మార్గరెట్ మోర్స్ నైస్ అనే అమెరికన్ గృహిణి, విశ్వవిద్యాలయంలో ఏ ఉద్యోగమూ లేకుండానే, పిల్లలను పెంచుకుంటూ, ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలో తన ఇంటికి దగ్గరలో ఉన్న నదీతీరపు పొదల్లో సాంగ్ స్పారో అనే చిన్నపిట్టలను 1928 నుంచి కొన్నేళ్ళపాటు విడవకుండా గమనించి, 1937లో ఒకటి, 1943లో మరొకటి చొప్పున రెండు బృహత్ సంపుటాలు ప్రచురించారు. ఆ పిట్టల కాళ్ళకు ఆమె రకరకాల రంగుల కడియాలు తొడగడం వల్ల ఏ పిట్ట ఏదో విడివిడిగా తెలిసి, ఏ మగది ఏ పొద దగ్గర ఎన్నేళ్ళు నిలిచిందో, ఏ ఆడది ఎవరిని వదిలి ఎవరి దగ్గరకు చేరిందో కుటుంబ చరిత్రలాగా రాయడం సాధ్యమైంది.

సంఘజీవన పరిశీలనకు కీలకం అక్కడే ఉంది. పక్షులన్నీ ఒకేలా కనిపించినంతకాలం వాటి మధ్య సంబంధాలు చూపుకు అందవు; పది కాకులు అనేది లెక్క మాత్రమే, వాటిలో ఫలానా కాకి ఫలానాదాన్ని చూసి తప్పుకున్నది అన్నప్పుడే సంఘం కనిపించడం మొదలవుతుంది. కడియాలు తొడగడం శిక్షణ, అనుమతి ఉన్నవారు చేయవలసిన పని. అయితే విరిగిన గోరు, ఊడిన తోక ఈక, కుంటినడక, ముక్కు మీది మచ్చ వంటి సహజమైన గుర్తులు ఎవరికైనా అందుబాటులో ఉంటాయి. ఇంగ్లండులో ససెక్స్ ప్రాంతపు డిచ్‌లింగ్ గ్రామంలో లెన్ హోవర్డ్ అనే సంగీత విద్వాంసురాలు తన చిన్న ఇంటి కిటికీలు తెరిచిపెట్టి, గ్రేట్ టిట్ అనే పిట్టలను లోపలికి స్వేచ్ఛగా రానిచ్చి, ఒక్కొక్కదాన్ని ముఖకవళికలను బట్టి, నడతను బట్టి పోల్చుకుని, 1952లో పక్షులు వ్యక్తులే అని చెప్పే పుస్తకం రాశారు. జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ దానికి ముందుమాట రాశారు. ఆమె తీర్మానాలు కొన్ని శాస్త్రజ్ఞులకు అతిగా తోచినా, పక్షికీ పక్షికీ స్వభావంలో తేడా ఉంటుందని ఆమె పట్టుబట్టి చెప్పిన విషయాన్ని ఆ తరువాతి పరిశోధన బలపరిచింది.

భారతదేశంలో ఈ దారిలో మొదటి పేరు సలీం అలీదే. బొంబాయిలో చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు, 1906-07 ప్రాంతంలో, గుర్రపుశాల గోడ రంధ్రంలో గూడు పెట్టుకున్న పిచ్చుకల జంటలో కాపలా కాసే మగపిచ్చుకను ఆయన తుపాకితో కొట్టగా, కొద్దిసేపటికే మరొక మగపిచ్చుక వచ్చి ఆ స్థానంలో నిలిచిందనీ, వారం రోజుల్లో అలా ఎనిమిది మగపిచ్చుకలు ఒకదాని తరువాత ఒకటి ఆ ఖాళీని నింపాయనీ ఆయన అప్పట్లోనే రాసిపెట్టుకున్నారు. పిల్లవాడి వేట నేడు ఎవరూ మెచ్చుకోరు. అయినా అతడు రాసిపెట్టిన నాలుగు వాక్యాలలో, గూడు దొరక్క, జత దొరక్క పక్కనే కాచుకుని ఉండే మగపక్షుల సమూహం ఒకటి కంటికి కనబడకుండా ఉంటుందనే విలువైన సమాచారం ఉంది. తరువాత 1930లో అలీబాగ్ తాలూకా కిహిమ్ గ్రామంలో ఉంటూ ఆయన గిజిగాడి గూళ్ళను వానకాలమంతా పరిశీలించి, మరుసటి ఏడు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఆ పక్షి కాపురం గురించిన పాత ఊహలను తలకిందులు చేసింది. మగగిజిగాడు గూటిని సగం వరకు అల్లి ఆపుతుంది. ఆడపక్షులు వచ్చి ఆ సగం గూళ్ళను లోపలికి దూరి పరీక్షించి, నచ్చినదాన్ని ఆక్రమించుకుంటాయి. అప్పుడు మాత్రమే మగది గొట్టంలాంటి దారిని అల్లి గూడు పూర్తిచేసి, ఆడది గుడ్లు పొదగడంలో మునిగి ఉండగా మరో గూడు మొదలుపెట్టి మరో ఆడపక్షికోసం ఎదురుచూస్తుంది. తెలుగునాట ఈతచెట్లకూ తాటిమట్టలకూ పాడుబడ్డ నూతుల మీదికి వంగిన కొమ్మలకూ ఈ గూళ్ళు వేలాడే దృశ్యం పల్లె ఎరిగినవారందరికీ పరిచయమే. వాటిలో సగం అల్లి వదిలేసినవి ఎందుకుంటాయని విస్తుపోయినవారికి జవాబు ఈ వ్యాసంలో ఉంది. ఆడపక్షి తిరస్కరించిన గూళ్ళవి.

ఇంటి చుట్టుపక్కల చూడదగిన పక్షి సంఘాలలో బాబ్లర్ల గుంపును మించినది మరొకటి లేదు. మట్టిరంగు ఒళ్ళు, పాలిపోయిన పసుపు ముక్కు, కోపంగా చూస్తున్నట్టుండే తెల్లటి కన్నూ కలిగి, తోటల్లో ఎండుటాకులను తిరగేస్తూ కిచకిచలతో చెవులు హోరెత్తించే ఈ పిట్టలు ఎప్పుడూ అర డజనుకు అటూ ఇటూగా కలిసి తిరుగుతాయి. ఉత్తరాదివారు వీటిని ఏడుగురు అన్నదమ్ములనీ, ఇంగ్లీషువారు ఏడుగురు అక్కచెల్లెళ్ళనీ పిలవడం ఇందువల్లనే. లెక్కిస్తే మూడు మొదలు ఇరవై వరకు కూడా ఉండవచ్చు. జంగిల్ బాబ్లర్ దేశమంతటా విస్తరించి ఉండగా, దక్షిణాంధ్రలో దానికి దగ్గరి చుట్టమైన పసుపుముక్కు బాబ్లర్ ఊళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది. ఈ రెండవది దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. రంగూ పాటా రెండూ సాదాగా ఉండటం వల్ల వీటిని చూసి ఆగేవారు తక్కువ, అది విచారించదగ్గ విషయం, ఎందుకంటే పక్షిలోకంలో ఉమ్మడి కుటుంబం ఎలా నడుస్తుందో తెరిచి చూపే పాఠం ఈ పిట్టల దగ్గరే ఉంది.

గుంపులోని పక్షులన్నీ ఒకే పొలిమేరలో తిరుగుతాయి. పొరుగు గుంపు హద్దు దాటితే అన్నీ కలిసి అరుస్తూ ఎదుర్కొంటాయి, కాళ్ళతో పెనవేసుకుని నేలమీద దొర్లుతాయి. నేలమీద మేసేటప్పుడు ఒకటి మాత్రం ఎత్తయిన కొమ్మ మీదో గోడ మీదో కూర్చుని చుట్టూ చూస్తుంటుంది. డేగ నీడ పడినా, పిల్లి పొదలో కదిలినా అది కూత వేయగానే మిగిలినవి చెట్టెక్కుతాయి లేదా అన్నీ కలిసి ఆ శత్రువును చుట్టుముడతాయి. ఎండ ముదిరిన వేళ కొమ్మ మీద ఒకదానికొకటి ఆనుకుని వరుసగా కూర్చుని, ఒకటి మెడ చాపగా మరొకటి ముక్కుతో దాని తల ఈకలను దువ్వుతుంది. తన తలను తాను ముక్కుతో దువ్వుకోవడం ఏ పక్షికీ సాధ్యం కాదు కనుక ఈ పరస్పర ఈకల సవరింపు పరిశుభ్రతకు పనికివస్తుంది. దానితోపాటు ఎవరు ఎవరికి దగ్గరో, ఎవరి ముందు ఎవరు తలవంచుతారో కూడా అందులో బయటపడుతుంది. ఏ పక్షి మెడ చాపి అడిగింది, ఏది దువ్వింది, ఎవరి వంతు రాలేదు అని నాలుగు మధ్యాహ్నాలు వరుసగా రాసుకుంటే గుంపులోని స్నేహాలు తేటపడతాయి.

అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది గూటి దగ్గర జరుగుతుంది. సాధారణంగా గుంపులో ప్రధానమైన జంట గుడ్లు పెడితే, మిగిలిన పక్షులు ఆ పిల్లలకు పురుగులు తెచ్చి పెడతాయి. తల్లిదండ్రులు కాని ఇలాంటి పక్షులను గూటి సహాయకులని 1935లో అలెగ్జాండర్ స్కచ్ పేర్కొన్నారు. మధ్య అమెరికా అడవుల్లో ఆయన చూసిన పక్షులు వేరైనా పని ఇదే. 1970లలో ఢిల్లీ ప్రాంతంలో జంగిల్ బాబ్లర్ గుంపులను పరిశోధించిన ఆంథనీ గాస్టన్ రాతల వల్ల ఈ సహాయకులలో చాలామంది అదే గుంపులో అంతకుముందు పుట్టి పెరిగినవారేననీ, ఆడపిల్లలు కొంత ఈడు వచ్చాక పుట్టిన గుంపును వదిలి వెళతాయనీ తెలిసింది. తన పిల్లలను కనకుండా తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ మేపడం వల్ల పక్షికి ఒరిగేదేమిటనే ప్రశ్నకు డబ్ల్యు. డి. హామిల్టన్ 1964లో ఒక సమాధానం ఇచ్చారు. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన తోబుట్టువులలో తన జన్యువులలో సగం పాలు ఉంటాయి కాబట్టి వారిని బతికించడం వంశాన్ని పరోక్షంగా కొనసాగించడమే అవుతుందన్నది దాని సారం. దీనినే బంధుఎంపిక సిద్ధాంతం అంటారు. ఇజ్రాయెల్ ఎడారిలో అరేబియా బాబ్లర్లను 1970ల ఆరంభం నుంచి దశాబ్దాల తరబడి గమనించిన అమోట్జ్ జహావీ మాత్రం దీనితో తృప్తిపడలేదు. ఆ పక్షులు కాపలా పనికోసం పోటీపడతాయనీ, పెద్ద పక్షి చిన్నదాన్ని తప్పించి తాను కాపలా కూర్చుంటుందనీ, ఇతరులకు మేలు చేయడం గుంపులో తన ప్రతిష్ఠను ప్రకటించుకునే మార్గమనీ ఆయన వాదించారు. అదే జాతి మీద 2001లో వెలువడిన మరొక పరిశోధన, పక్షులకు అదనంగా తిండి పెట్టి చూసి, కడుపు నిండిన పక్షి ఎక్కువసేపు కాపలా ఉంటుందని తేల్చింది. ఆకలి తీరినదానికి ఎత్తయిన చోట కూర్చోవడం స్వంత భద్రతకు కూడా మంచిదే కదా. ఒకే పక్షి, ఒకే కొమ్మ, ఒకే కాపలా. దాని వెనుక కారణాన్ని ముగ్గురు మూడు రకాలుగా వివరించారు. ఈ వివాదంలో ఏ పక్షం వహించినా, మొదట కావలసింది ఎవరు ఎంతసేపు కూర్చున్నారు, అంతకుముందు ఏం తిన్నారు అనే ఓపిక గల రాత.

రేడియో వినే అలవాటున్నవారికి పక్షి సంఘంలో ఇంకొక భాగం మరింత సులువుగా అందుతుంది, అది శబ్దం. ఆపదను తెలిపే కూతలు రెండు విధాలుగా ఉంటాయని పీటర్ మార్లర్ 1955లో వివరించారు. ఆకాశంలో డేగ కనిపించినప్పుడు చిన్నపిట్టలు వేసే కూత సన్నగా, కీచుగా, మొదలూ చివరా తెలియకుండా సాగుతుంది; అలాంటి శబ్దం ఏ దిక్కునుంచి వచ్చిందో పోల్చుకోవడం కష్టం కనుక కూసిన పక్షి ఉనికి డేగకు తెలియదు. చెట్టు మీద కూర్చున్న గుడ్లగూబనో నేలమీది పామునో చూసినప్పుడు వేసే కూత ఇందుకు పూర్తిగా విరుద్ధం. గరుకుగా, తెగి తెగి, పదే పదే మోగుతూ, ఎక్కడినుంచి వస్తున్నదో ఇట్టే తెలిసేలా ఉంటుంది, ఎందుకంటే దాని పని తోటివారిని పిలవడం. పిలుపు విని చేరిన పక్షులు శత్రువును చుట్టుముట్టి, మీదికి దూసుకువస్తూ, అది లేచిపోయేదాకా వేధించడాన్ని శాస్త్రంలో మాబింగ్ అంటారు. పగటిపూట పాత మర్రిచెట్టు తొర్రనుంచి పైడికంటె బయటికి తల పెడితే పిగిలిపిట్టలు, బాబ్లర్లు, గోరింకలు, ఉడతలు సైతం కలిసి చేసే గోల ఇదే. జాతి భేదం లేకుండా ఒకరి కూత మరొకరికి అర్థమవుతుందనడానికి ఇంతకంటె దగ్గరి సాక్ష్యం అక్కరలేదు. జపానులో తొషితక సుజుకి 2016లో ప్రచురించిన పరిశోధన మరొక అడుగు ముందుకు వేసింది. అక్కడి టిట్ పిట్టలు జాగ్రత్తగా చూడమనే కూతను, దగ్గరికి రమ్మనే కూతను ఒక వరుసలో కలిపి పలుకుతాయనీ, ఆ వరుసను తారుమారు చేసి వినిపిస్తే వాటి స్పందన తగ్గిపోతుందనీ ఆయన చూపారు.

శత్రువును వేధించి తరిమే పోరాటాలలో ఏట్రింతది ప్రత్యేకమైన స్థానం. పసులపోలిగాడు అని కూడా పిలిచే, చీలిన తోక గల ఈ నల్లని పక్షి పశువుల వీపుల మీద సవారీ చేస్తూ, లేచిన పురుగులను గాలిలోనే పట్టుకుంటుంది. గూడు పెట్టిన చెట్టు సమీపానికి కాకి వచ్చినా గద్ద వచ్చినా వాటి వీపు మీద పొడుస్తూ దూరం దాకా తరుముతుంది. ఏట్రింత కాపురమున్న చెట్టుమీదనో దాని పక్కనో గువ్వలు, పిగిలిపిట్టలు వంటి సాధువైన పక్షులు గూళ్ళు కట్టుకోవడం పరిశీలకులు ఎప్పటినుంచో గమనించిన సంగతి. గూళ్ళు పెట్టే కాలంలో ఒక ఏట్రింత గూడు దొరికితే చుట్టూ ముప్పై నలభై అడుగుల మేర ఇంకెవరు గూడు పెట్టారో చూడటం మంచి అభ్యాసం.

కాకి గురించి తెలుగువారికి కొత్తగా చెప్పవలసినది తక్కువే అనిపిస్తుంది. మెతుకు కనిపిస్తే పదిమందిని పిలుస్తుందనీ, ఒక కాకి చస్తే ఊరి కాకులన్నీ మూగుతాయనీ పల్లెలో పిల్లలకు కూడా తెలుసు. ఈ రెండవ విషయాన్ని అమెరికాలోని సియాటిల్ నగరంలో జాన్ మార్జ్‌లఫ్ బృందం మరో రూపంలో పరీక్షించింది. 2006లో పరిశోధకులు ఒక ప్రత్యేకమైన ముసుగు ధరించి కొన్ని కాకులను పట్టి, కడియాలు తొడిగి విడిచిపెట్టారు. ఆ తరువాత ఎవరు ఆ ముసుగు వేసుకుని నడిచినా కాకులు వెంటపడి అరిచాయి, వేరే ముసుగు వేసుకున్నవారిని పట్టించుకోలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ అరిచే కాకుల సంఖ్య పెరుగుతూ వచ్చింది, పట్టుబడిన అనుభవం లేని కాకులు కూడా వాటిలో ఉన్నాయి. అంటే ఫలానా ముఖం ప్రమాదకరమనే తెలివిడి ఒక కాకి నుంచి మరొకదానికి, తల్లినుంచి పిల్లకు చేరుతున్నదన్నమాట. అక్కడి కాకి జాతి వేరైనప్పటికీ, చచ్చిన కాకి చుట్టూ మన ఊరకాకులు మూగడాన్ని దుఃఖం అని వెంటనే పేరు పెట్టకుండా, ఆపద ఎక్కడినుంచి వచ్చిందో నేర్చుకునే సమావేశం కావచ్చునని చూడటానికి ఈ పరిశోధన దారి చూపుతుంది.

ఇంత తెలివైన కాకి కోయిల విషయంలో మోసపోవడం ప్రతి వేసవిలో జరుగుతుంది. నిగనిగలాడే నల్లని మగకోయిల గూటి దగ్గర కనిపించి కాకులను రెచ్చగొట్టి వెంట తిప్పుకుంటుండగా, గోధుమరంగు మీద తెల్లచుక్కలు గల ఆడకోయిల గూటిలోకి జారి గుడ్డు పెట్టి వస్తుంది; కోయిల పిల్ల కాకి పిల్లలకంటె కొన్ని రోజులు ముందుగా గుడ్డు పగులగొట్టుకుని వచ్చి, తిండిలో ముందువాటా అందుకుంటుంది. కోయిల పాటకు పరవశించేవారు చాలామంది ఉన్నా, పాడే మగకోయిలకు భిన్నంగా కిక్ కిక్ అని అరుస్తూ కొమ్మలు మారే ఆడకోయిలను గుర్తుపట్టగలవారు తక్కువ. ఈ నాటకమంతా మామిడి కాపు కాలంలో నగరాల నడిబొడ్డున కూడా చూడవచ్చు.

సాయంవేళ గోరింకల రాత్రి బస మరొక పెద్ద విషయం. పగలంతా జంటలుగా తిరుగుతూ, తల వంచి ఈకలు ఉబ్బించి ఒకదానికొకటి వందనం చేసినట్టు కూసే గోరింకలు, పొద్దు వాలేసరికి తీగల మీద, మేడల అంచుల మీద చిన్న చిన్న జట్లుగా చేరి, చివరకు రైల్వేస్టేషను ముందరి చెట్టులోనో కూడలిలోని రావిలోనో వందలుగా, వేలుగా కలుస్తాయి. ఇంత రద్దీలో పడుకోవడం వల్ల లాభమేమిటని అడిగినవారిలో పీటర్ వార్డ్, జహావీ కలిసి 1973లో ఒక ఊహను ప్రతిపాదించారు. రాత్రి బస ఒక సమాచార కేంద్రమనీ, ముందురోజు తిండి దొరకనిది మరునాడు ఉదయం కడుపు నిండిన పక్షుల వెంట వెళ్ళి మేతచోటు కనుక్కుంటుందనీ వారి అభిప్రాయం. దానికి ఏడాది ముందే మాధవ్ గాడ్గిల్ వేరు వేరు జాతులు కలిసి బస చేసే చెట్ల వైపు శాస్త్రజ్ఞుల దృష్టిని మళ్ళించారు. కాకి, గోరింక, రామచిలుక ఒకే చెట్టు పంచుకున్నప్పుడు వాటి మేత వేరు కాబట్టి సమాచార వాదం ఒక్కటే అక్కడ నిలవదు. చాలా కళ్ళు మేలుకుని ఉన్నచోట శత్రువునుంచి రక్షణ ఎక్కువ అనే కారణం బలంగా కనిపిస్తుంది. సలీం అలీతో కలిసి గాడ్గిల్ 1970లలోనే భారతీయ పక్షుల సామూహిక రాత్రి బసల మీద ఒక వ్యాసం ప్రకటించారు. రోడ్ల విస్తరణలో నూరేళ్ళ చెట్టు కొట్టేసినప్పుడు పోయేది నీడ ఒక్కటే అనుకునేవారికి, ఆ చెట్టు వేలాది పక్షుల రాత్రి ఊరని తెలిసినవారు గట్టిగా చెప్పవలసి ఉంది. చెట్టు కొట్టకముందు ఎన్ని పక్షులు, ఏ ఏ జాతులు, ఏ గంటకు చేరుతున్నాయో తేదీలవారీగా రాసిన కాగితం చేతిలో ఉంటే ఆ మాటకు బరువు వస్తుంది.

తిండి దగ్గర హెచ్చుతగ్గుల గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. నార్వే దేశస్థుడు షెల్‌డెరుప్ ఎబ్బె చిన్ననాటి నుంచి ఇంటి కోళ్ళను చూస్తూ, ఏ కోడి దేన్ని పొడుస్తుందో, ఏది దేనికి తప్పుకుంటుందో పట్టిక వేసి, 1920ల ఆరంభంలో పొడుపు వరుస అనే భావనను లోకానికి అందించారు. మగపిచ్చుక గొంతు కింది నల్లమచ్చ ఎంత పెద్దదైతే దానికి గుంపులో అంత పెత్తనం ఉంటుందని ఎన్నో పాఠ్యపుస్తకాలు రాశాయి. ఇటీవల పాత కొత్త లెక్కలన్నిటినీ కలిపి చూసిన పరిశోధకులు ఆ సంబంధం అనుకున్నంత బలమైనది కాదని తేల్చారు. మామూలు పిచ్చుక విషయంలో కూడా తీర్పులు మారుతూనే ఉన్నాయంటే చూడవలసినది ఇంకా ఎంత మిగిలి ఉందో ఊహించవచ్చు.

చూసినదాన్ని రాసే పద్ధతి మీద శ్రద్ధ పెట్టకపోతే ఈ శ్రమంతా వృథా అవుతుంది. గోల చేసే పక్షి, పోట్లాడే పక్షి కంటికి ముందు పడతాయి, ఊరకే కూర్చున్నది పడదు. కంటికి పడినవాటినే రాస్తే పక్షులు పొద్దస్తమానం పోట్లాడుకుంటాయనే తప్పు చిత్రం ఏర్పడుతుంది. ఆఫ్రికా కోతుల సంఘాలను పరిశీలించిన జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఈ లోపాన్ని విశ్లేషించి, ఒకే ప్రాణిని ముందుగా ఎంచుకుని, నిర్ణయించుకున్న వ్యవధి పూర్తయ్యేదాకా అది ఏం చేసినా, ఏమీ చేయకపోయినా రాయాలనే నియమాన్ని ప్రచారంలోకి తెచ్చారు. పది నిమిషాలపాటు ఒకే గోరింకను వదలకుండా చూడటం వినడానికి చాలా తేలిక, చేయబోతే చూపు పక్కకు పోతూనే ఉంటుంది. మరొక నియమం భాషకు సంబంధించినది. పక్షి ఈర్ష్యపడింది, అలిగింది, క్షమించింది అని రాస్తే అది పరిశీలకుని అభిప్రాయం. ఒకటి దగ్గరికి రాగా మరొకటి రెండు అడుగులు జరిగి తల తిప్పుకున్నది అని రాస్తే అది మరెవరైనా సరిచూడగల విషయం. అభిప్రాయాలు రాయకూడదని కాదు, వాటిని వేరే పేజీలో రాయాలి. జాగ్రత్త విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు: గూటి దగ్గరికి వెళ్ళి కొమ్మలు తొలగిస్తే కాకులకూ పిల్లులకూ దారి చూపినట్టవుతుంది, ఫోనులో పక్షి కూత వినిపించి దగ్గరికి రప్పిస్తే పొలిమేర కాచుకునే మగపక్షి లేని శత్రువుకోసం వెతుకుతూ పిల్లల మేపు మానుకుంటుంది.

మామూలు ఇళ్ళవారి గమనికలు శాస్త్రానికి ఎంత ఉపకరిస్తాయో చెప్పడానికి ఇంగ్లండులో పాల సీసాల కథ చాలు. గడప దగ్గర పాలవాడు పెట్టిపోయే సీసాల మూతలను చిన్నపిట్టలు చింపి మీగడ తాగడం మొదటిసారి 1921లో సౌతాంప్టన్ సమీపంలోని స్వేత్‌లింగ్‌లో నమోదైంది. అది ఊరినుంచి ఊరికి ఎలా పాకిందో జేమ్స్ ఫిషర్, రాబర్ట్ హైండ్ 1949లో పటాలతో చూపగలిగారంటే దానికి ఆధారం జనం పంపిన సమాచారమే. తెలుగు ప్రాంతాలలో పక్షుల పట్టికలకు గట్టి పునాది ఉంది. 1931-32లో సలీం అలీ హైదరాబాద్ సంస్థానమంతటా సర్వే చేశారు, రిషివ్యాలీ పాఠశాల చుట్టుపక్కల పక్షులపై ఉపాధ్యాయులూ విద్యార్థులూ దశాబ్దాలుగా రాస్తూ వచ్చారు. దేశవ్యాప్తంగా ముప్పై వేలకు పైగా పరిశీలకులు అందించిన మూడు కోట్ల నమోదుల మీద ఆధారపడి 2023లో భారతీయ పక్షుల స్థితిపై నివేదిక వెలువడింది. ఇవన్నీ ఏ పక్షి ఎక్కడ ఎంత ఉన్నదో చెబుతాయి. పక్షులు ఒకదానితో ఒకటి ఎలా ఉంటున్నాయనేది ఈ లెక్కలలో ఇమడదు, దానికి ఒకే పెరటిని ఏళ్ళ తరబడి చూసి రాసినవారి నోటుపుస్తకాలు కావాలి.

నైరుతి వానలతో పాటు చాతకం వస్తుంది. నలుపు తెలుపు ఒళ్ళు, తలమీద కుచ్చు గల ఆ పక్షి తన నీలిగుడ్డును బాబ్లర్ల నీలిగుడ్ల మధ్య పెట్టిపోతుంది. శ్రావణ భాద్రపదాలలో బాబ్లర్ల గుంపు వెంట నోరు తెరిచి అరుస్తూ, రూపంలో వాటికి ఏ మాత్రం పోలిక లేని ఒక పిల్ల కనిపిస్తే, దాన్ని గుంపులో ఎన్ని పక్షులు మేపుతున్నాయో, తమ స్వంత పిల్లలకంటె దానికి ఎక్కువసార్లు పెడుతున్నాయో తక్కువసార్లు పెడుతున్నాయో, అడగడం ఏ రోజున మానుకుని అది గుంపునుంచి విడిపోయిందో ఇంటి అరుగు మీద కూర్చునే రాసుకోవచ్చు.